చలి పడితే కొండకే

అనంతపురంలో కొండెక్కడానికి కార్తీకం నుంచి శివరాత్రి దాకానే కాలం. ఆ తర్వాత పొద్దున తొమ్మిదికే బండ కాలుతుంది, మధ్యాహ్నానికి గాలి కూడా సెగ కక్కుతుంది. అందుకే దీపావళి పోగానే మా బృందంలో ఒకరికొకరు ఫోన్లు మొదలవుతాయి. ఈసారి ముందు యాడికి పోదాం, గుత్తికా, ఆలూరు కోనకా, పెనుకొండకా?

కరువు జిల్లా అని పేపర్లో చదివినవాళ్లకు ఈ నాలుగు నెలల అనంతపురం తెలియదు. మేం పడమటి కనుమల వాననీడలో ఉన్నాం. నైరుతి మేఘాలు తమ బరువంతా కనుమలకు అవతలే దించుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి బయల్దేరి, తూర్పు కనుమలు దాటి మా దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. రెండూ కలిసి ఏడాదికి ఇచ్చేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో జైసల్మేర్ తర్వాత మాదే అతి తక్కువ వాన అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అయితే ఆ కొంచెంలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. అది సరిగ్గా పడిన ఏడు, నవంబరులో కొండల మీద గడ్డి మోకాలిదాకా లేస్తుంది. గట్ల మీద తంగేడు పూస్తుంది. గుట్టల వెంట సీతాఫలాలు కండ్లు తెరుస్తాయి. నిండిన కుంటల్లో కొంగలు వాలతాయి. తెల్లవారుజామున శాలువా కప్పుకునేంత చలి, పొద్దెక్కేకొద్దీ హాయిగా తగిలే ఎండ. నడిచేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మాది రిజిస్టరైన క్లబ్బు కాదు, దానికి పేరూ పెట్టుకోలేదు. గుంతకల్లు డివిజన్‌లో రైలు గార్డుగా చేసిన పెద్దాయన ఒకరు, ధర్మవరంలో పట్టు నేసే భార్యాభర్తలు, ఒక నర్సమ్మ, మందుల షాపు నడిపే అన్న, డిగ్రీ చదివే పిల్లలు, వాళ్ల వెంట వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు. మొదటినుంచీ పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. నిదానంగా నడిచేవాళ్లే ముందు నడవాలి. తెచ్చిన తిండి అంతా ఒకేచోట పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లను ఇంటిపేరు అడగకూడదు. ఈ మూడోది ఎందుకో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు గుత్తి. అనంతపురం నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు. చీకటితో బండి పడితే ఎండ ముదరకముందే కొండెక్కి కూర్చోవచ్చు. మైదానంలోంచి సుమారు మూడు వందల మీటర్లు లేచిన బండకొండ అది. దాని చుట్టూ మెలికలు తిరిగే దారి, వాకిలి దాటితే ఇంకో వాకిలి. విజయనగర రాజులు ఏలిన ఈ కోట పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండేది. కొండ అంచున చిన్న మంటపాన్ని ఇప్పటికీ మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. 1776లో హైదర్ అలీ కోటను ముట్టడించాడు. పై కోటలో నీళ్లు అయిపోయేసరికి మురారిరావు లొంగిపోక తప్పలేదు. తర్వాత కబ్బాళదుర్గంలో బందీగానే చనిపోయాడు.

ఈ కథ మా గార్డు అన్న చెబుతాడు. పైన ఎండిన బావి గట్టు మీద కూర్చుని, ఎదురుగా కనబడే రైలు పట్టాలను చూపిస్తూ నింపాదిగా చెబుతాడు. ఒకసారి ధర్మవరం తమ్ముడు అందుకున్నాడు. “మా చేన్లో బోరూ అట్లే పాయె గదన్నా. వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వచ్చె.” అక్కడినుంచి మాట బోర్ల మీదికి, శెనక్కాయల రేటు మీదికి, పట్టుదారం ధర మీదికి మళ్లింది. కోట చరిత్ర ఇట్లా వినాలని నాకనిపిస్తుంది. నీళ్లు అయిపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లతో కూర్చుని వింటే మురారిరావు మన పొరుగువాడే అవుతాడు.

కొండ కింద ఇంగ్లీషువాళ్ల సమాధులు ఉన్నాయి. దత్తమండలాల కలెక్టరుగా రైతువారీ పద్ధతి పెట్టిన థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే మొదట ఇక్కడే పూడ్చారు. తర్వాత అస్థికలను మద్రాసులోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు.

నాకు మాత్రం గుత్తి అంటే ముందు గుర్తొచ్చేది ఒక సాలీడు. ఒళ్లంతా నెమలి మెడ నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. పీసిలోథీరియా మెటాలికా దాని శాస్త్రీయ నామం. పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1899లో దాన్ని మొదట వర్ణించాడు. ఆయనకు అందిన నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. కాబట్టి ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ గుత్తి పేరుతోనే పిలుస్తుంది. కానీ దాని ఇల్లు ఇక్కడ కాదు, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవి. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. అడవి తరిగిపోతూ, పెంపకానికని పట్టుకుపోయేవాళ్లు పెరుగుతూ ఇప్పుడది పూర్తిగా అంతరించే ప్రమాదంలో ఉంది. ఈ కథ విన్న పిల్లలు, గుత్తిలో అది ఉండదని తెలిసీ, దారి పొడుగునా చెట్టు తొర్రల్లోకి తొంగి చూస్తారు. సాలీడుకు ఎన్ని కాళ్లని పుస్తకంలో చదివినవాళ్లు, ఇక్కడ దాని ఇల్లేమైందని అడుగుతారు.

మధ్యాహ్నానికి దిగి నీడలో కూర్చుంటాం. గార్డు అన్న ఇంటినుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వస్తాయి. బొరుగులు నానబెట్టి, పిండి, వేయించిన పప్పుల పొడి చల్లి చేసే ఉగ్గాని తినకుండా అనంతపురంలో ఏ పనీ మొదలుకాదు. నర్సమ్మ కొర్రన్నం, గురెళ్ల పొడి తెస్తుంది. ఎవరో ఒకరు ఉప్పేసి ఉడికించిన పచ్చి శెనక్కాయలు తెస్తారు. డిసెంబరు వచ్చిందంటే అందరూ ఎదురుచూసేది ధర్మవరం చెల్లెలు చేసే పితికిపప్పు కోసం. అనపకాయల గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్లతో పితికి, తొక్క తీసి, కొబ్బరి, ధనియాల మసాలా నూరి వండుతుంది. “రోజంతా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకోని కూచునేటోళ్లం టీచరమ్మా, యిట్ల నడిస్తేనే నడుముకు పానం వస్తాది” అంటుంది వడ్డిస్తూ. నడక వాళ్లకు సరదా మాత్రమే కాదని నేను అర్థం చేసుకున్నది ఆమె మాటల వల్లే.

తెలుగువాళ్లకు ఆరుబయట కలిసి తినడం కొత్త కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనం తరతరాల ఆచారం. కానీ ఇప్పుడు కార్తీక ఆదివారం ఏ మామిడితోటకు పోయినా ముందు ఫ్లెక్సీ కనబడుతుంది, దాని మీద కులం పేరు. ఒక్కో కులానికి ఒక్కో తోట, ఒక్కో వేదిక, ఒక్కో నాయకుడి ఉపన్యాసం. చుట్టాలు, తెలిసినవాళ్లు కలుసుకోవడంలో తప్పు లేదు. పేద పిల్లలకు స్కాలర్‌షిప్పులిచ్చే సంఘాలనూ చూశాను. అయినా ఆ ఫ్లెక్సీ చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఉసిరిచెట్టు నీడకు సరిహద్దు గీసేశాం కదా అనిపిస్తుంది.

పాతకాలమంతా బాగుండేదని నేననను. నా చిన్నప్పుడు వానలు ముఖం చాటేస్తే ఊళ్లో వరదపాయసం చేసేవాళ్లు. ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం పోగుచేసి, కొండ దగ్గర వండి, కడిగిన బండ మీద పోసేవాళ్లు. వాన కోసం మొక్కుకుంటూ జనం దాన్ని బండ మీదే నాకి తినేవాళ్లు. ఆకలి, ఆశ అందరివీ ఒకటే. అయినా మా ఊళ్లో ఆ బండ దగ్గరికి ముందెవరు రావాలి, ఆఖరున ఎవరు రావాలి అనే లెక్క ఉండేది. ఆ లెక్క పిల్లలకు కూడా తెలుసు. మా బృందంలో తిండి అంతా ఒకేచోట పెట్టాలన్న కట్టుబాటు నేనే పట్టుబట్టి పెట్టించింది.

ఊరి జనాన్ని ఆరుబయటికి తీసుకుపోవాలన్న ఆలోచన వేరే దేశంలోనూ ఒక బడిపంతులుకే వచ్చింది. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ 1909లో పిల్లలతో నడిచిపోతూ గాలివానలో చిక్కుకుని, ఒక పల్లెలోని బడిలో రాత్రి తలదాచుకున్నాడు. సెలవుల్లో బళ్లన్నీ ఇట్లా తెరిచి ఉంటే ఎంత బాగుంటుందనుకున్నాడు. కొన్నేళ్లకే అల్టెనా కోటలో తొలి యూత్ హాస్టల్ నిలబడింది. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1949 నుంచి పనిచేస్తోంది. తక్కువ ఖర్చుతో కొండలెక్కాలనుకునే తెలుగు పిల్లలు ఎందరో దానితోనే మొదటిసారి హిమాలయాలు చూశారు. హిమాలయాలకు పోయినా మంచిదే, ముందు గుత్తికి పోయి పోండని మా పిల్లలకు చెబుతుంటాను.

మీ ఊళ్లో ఇట్లా మొదలుపెట్టాలంటే డబ్బుకంటే జాగ్రత్తే ఎక్కువ కావాలి. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, చిరుతలూ ఉన్నాయి. బాగా తెల్లవారాకే ఎక్కాలి, పొద్దు వాలకముందే దిగాలి. దారి ఫోన్లో చూసుకోవడంకంటే గొర్రెల కాపరిని అడగడం మేలు. ఏ మలుపులో తేనెతుట్టె ఉందో, ఏ గుహ దగ్గరికి పోకూడదో అతనికి తెలుస్తుంది. రిజర్వు ఫారెస్టయితే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. పుష్యమాసానికి గడ్డి పూర్తిగా ఎండిపోతుంది. ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా తగలబడటానికి. ఆ గడ్డి మీద బతికే గొర్రెలకు వేసవంతా వేరే మేత లేదు. అందుకే మేం కొండ మీద పొయ్యి వెలిగించం, ఇంట్లో వండుకునే పోతాం. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్టీలు పళ్లెం, గ్లాసు తప్పనిసరి.

జనవరి చివర్లో హిందూపురం దాటి చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి పోతున్నాం. ఆ ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. సైబీరియా నుంచి వస్తాయని పేపర్లు రాస్తుంటాయి గానీ, అవి మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు ఉన్న చోటు వెతుక్కుంటూ దేశంలోనే తిరుగుతాయి. ఊరి జనం వాటిని ఇంటి ఆడబిడ్డల్లా చూసుకుంటారు, ఎవర్నీ జోలికి పోనివ్వరు. బండి ఊరి బయటే ఆపి నడిచిపోతాం. పాటల స్పీకర్లు ఎవరూ తేకూడదు. ముదురు రంగు బట్టలైతే మంచిది. ఆ రోజు వంట వంతు ధర్మవరం వాళ్లది. అప్పటికి అనపకాయలు సంతలో దొరికితే పితికిపప్పు, లేకుంటే వంకాయ, జొన్నరొట్టె.