ఆటలోని మెట్లును న్యాయమును

మన యిండ్లలో వైకుంఠపాళి నెఱుగనివా రరుదు. ముక్కోటి ఏకాదశినాటి జాగరణమునకు పెద్దలును పిల్లలును పటము చుట్టును గూర్చుండి, గవ్వలు వేసి, నిచ్చెన దొరకినవారు పైకెక్కుచు, పాము నోట బడినవారు క్రిందికి జారుచు, తెల్లవారువరకు నవ్వుచు నాడుకొందురు. ఆ యాటలో నొకరు ముందును నొకరు వెనుకను బడినను ఎవరికిని మనసు నొవ్వదు. ఏలన, గవ్వలు భాగ్యవంతురాలికి నొక తీరునను బీదరాలికి నొక తీరునను పడవు. ఆట ముగిసినంతనే పటమును చుట్టి పెట్టెలో బెట్టుదురు. మరునాడు అందఱును మొదటి గడినుండియే ప్రారంభింతురు.

నేడు మన పిల్లలును, యువతులును, కొందఱు గృహిణులును అంతర్జాలమున నాడుచున్న యాటలలో నొక తెగ గలదు. దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. ఇందు ఆడువా రొక్కొక్కరు ఒక్కొక్క పాత్రను కల్పించుకొందురు. ఒకతె విలుకత్తె యగును, ఒకడు మాంత్రికు డగును, వేఱొకతె గాయపడినవారిని బాగుచేయు వైద్యురా లగును. దేశదేశములవారు ఒక బృందముగా జేరి సాహసములు చేయుదురు. చేసిన పనికి పాయింట్లు వచ్చును. పాయింట్లు కూడినకొలది పాత్రకు ‘లెవెల్’ అను మెట్టు పెరుగును. మెట్టు పెరిగినకొలది బలమును, ఆయుధములును, క్రొత్త ప్రదేశములకు బోవు నర్హతయు హెచ్చును. వైకుంఠపాళికిని దీనికిని గల భేద మొక్కటే. ఈ పటమును చుట్టి పెట్టెలో బెట్టుట లేదు. నేడెక్కిన మెట్టు ఏడాదికిని నిలిచియే యుండును. కావున మెట్టెక్కుటకు గల నిబంధన న్యాయమైనదా కాదా యను ప్రశ్న యిచ్చట మిక్కిలి పెద్దదగుచున్నది.

ఆటకొఱకింత విచారమేల యని సోదరీమణులు కొంద ఱనవచ్చును. మేమును మొదట నట్లే తలచితిమి. మే మెఱిగిన యొక యింట డిగ్రీ చదువుచున్న బాలిక యొకతె యిట్టి బృందమున వైద్యురాలి పాత్ర వహించి యాడుచుండెను. ప్రతి సాయంకాలమును హాజరైనవారికి పాయింట్లు ఇచ్చుట ఆ బృందపు నిబంధన. ఇంతలో నామె నాయనమ్మకు జబ్బుచేసెను. తల్లి యుద్యోగమునకు బోవలసియుండుటచే, రెండు నెలలు బాలికయే ముసలామె మంచముకడ గూర్చుండెను. ఆమె తిరిగి యాటకు వచ్చునప్పటికి తోడివారందఱును పది మెట్లు పైనుండిరి. “నీవు మాతో పెద్ద యుద్ధమునకు రాజాలవు, నిలువలేవు” అని వారు మర్యాదగనే చెప్పిరి. బాలిక కంటనీరు పెట్టుకొనగా తల్లి, “ఆటకై యేడ్పేమిటే?” యని మందలించెను. దానికా పిల్ల యిట్లనెను: “ఓడిపోయినందుకు కాదమ్మా! నాయనమ్మ దగ్గర గూర్చున్న రెండు నెలలును నేను సోమరినై యున్నట్లు లెక్క వేసిరి. అదియే నా బాధ.”

ఈ మాట విన్నపిమ్మట మే మీ నిబంధనల చరిత్రమును గొంత విచారించితిమి. అందు మన స్త్రీలు తెలిసికొనదగిన విషయములు పెక్కు గలవు.

ఈ యాటల కన్నింటికిని మూలము 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అది బల్లచుట్టును గూర్చుండి యాడునది. అందు రెండవ మెట్టెక్కుటకు యోధునికి 2,000 పాయింట్లును, మాంత్రికునికి 2,500 పాయింట్లును, పూజారికి 1,500 పాయింట్లును కావలసియుండెను. మాంత్రికుడు మొదట దుర్బలుడై, పిదప మహాబలవంతు డగును గనుక అతని దారి యెక్కువ దూరముగా నేర్పఱుపబడెను. ఇది కొంతవఱకు యుక్తముగనే యున్నది. కాని ఆ నిబంధనలలోనే జాతినిబట్టి యొక యడ్డుగోడయు గలదు. యోధుడైన మరుగుజ్జు జాతివాడు, ‘హాఫ్‌లింగ్’ అనబడువాడు, ఎంత శ్రమించినను నాలుగవ మెట్టు దాట వీలులేదు. మానవపాత్రకట్టి హద్దు లేదు.

అంతకంటె మనకు వింతయైనది మఱొకటి. 1978లో ఆ యాటకు వెలువడిన పెద్ద నియమగ్రంథమున మానవయోధుల బలమును 18కి పైన మరల నూఱు పాళ్లుగా విభజించిరి. పురుషపాత్ర పూర్తిగా 100వఱకు పోవచ్చును. స్త్రీపాత్ర 50వ పాలుతో నిలిచిపోవలెను. మాంత్రికులు నిప్పులు కురిపించు ఆటలో, డ్రాగన్లు మాటలాడు ఆటలో, అన్నియు గల్పనయే యైనచోట, స్త్రీ బలమునకు మాత్రము కొలబద్ద పెట్టుట యెందులకో మాకు తోచలేదు. 1989లో వెలువడిన రెండవ కూర్పున స్త్రీలపై హద్దు తొలగెను. జాతిహద్దులు 2000లో వచ్చిన మూడవ కూర్పున తొలగిపోయెను. పాత్రలన్నింటికి నొక్కటే పాయింట్ల పట్టికయు అప్పుడే యేర్పడెను. నిబంధనలు మనుష్యులు వ్రాసినవే గనుక, మనుష్యులే వానిని దిద్దగల రనుటకిది నిదర్శనము.

యంత్రములద్వారా పలువురు కలసి యాడు తొలినాటి యాటలలో నొకటి 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు కల్పించిన ‘మడ్’ అను ఆట. అందు తుదిమెట్టు నెక్కినవారు ఇతర ఆటగాండ్రపై నధికారము గల మాంత్రికు లగుచుండిరి. మెట్టనగా కేవలము బలము కాదు, ఒకరిపై నొకరికి లభించు పెత్తనము గూడ నని యిందుచే తెలియుచున్నది.

1999లో ‘ఎవర్‌క్వెస్ట్’ అను ఆట వచ్చెను. అందు పాత్ర మరణించిన యెడల సంపాదించిన పాయింట్లలో కొంత భాగము పోవుచుండెను. ఒక్కొక్కప్పుడు మెట్టే దిగిపోవుచుండెను. ఆ యాటలో మహాసర్పమును జంపుటకు పదులకొలది జనము గంటలతరబడి పోరాడవలెను. తీరా జంపినపిమ్మట దొరకు వస్తువులు మాత్రము రెండో మూడో యుండును. వానిని ఎవరికీయవలెను? నాయకుని స్నేహితులకే పోవుచున్నవని తగవులు పుట్టెను. అప్పు డొక బృందమువారు హాజరునకు పాయింట్లిచ్చి, ఆ పాయింట్లతోనే వస్తువులు కొనుక్కొను పద్ధతిని కనిపెట్టిరి. దీనికి ‘డ్రాగన్ కిల్ పాయింట్లు’ అని పేరు. ఇది పక్షపాతమును చాలవఱకు తగ్గించెను. ఖాతా వ్రాసి చూపిన యింట తగవులు తగ్గునని మన గృహిణులకు తెలియనిది కాదు. కాని యిందును నొక లోపము గలదు. రాత్రి యెనిమిదింటికి వంటయింట నున్న ఇల్లాలికిని, చంటిబిడ్డ తల్లికిని ఆ హాజరుపట్టీలో చోటు లేదు.

ఈ లోపమును దిద్దుటకు జరిగిన ప్రయత్నములలో మూడింటిని చెప్పెదము.

మొదటిది విశ్రాంతిని మన్నించుట. 2004లో వెలువడిన ‘వర్ల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను ఆట నిర్మించువారు, విడుదలకు పూర్వము పరీక్షాకాలమున, ఎడతెగక యాడువారికి కొంతసేపైనపిమ్మట పాయింట్లు సగమగునట్లు చేసిరి. ఆడువారు ఇది శిక్ష యని మొఱపెట్టిరి. అంతట నిర్మాతలు లెక్కను తలక్రిందు చేసి, అలసినవారి సగమును మామూలు మొత్తమనియు, విశ్రాంతి తీసికొని వచ్చినవారికి శత్రువులను గెలిచినందుకు రెట్టింపు బహుమాన మనియు చెప్పిరి. ఫలితము దాదాపు ఒక్కటియే యైనను మొఱ యణగిపోయెను. పాత్రను సత్రములో విడిచి, ఆట మాని పోయిన ప్రతి 8 గంటలకును మెట్టులో నూటికి 5 వంతుల చొప్పున ఈ విశ్రాంతిఫలము జమయగును. అది మెట్టున్నరవఱకు పెరుగును. అనగా పదిదినములు రానివారు గూడ తిరిగివచ్చి త్వరగా నడువగలరు. శిక్షగా తోచినది బహుమానముగా మాఱుట కేవలము మాటతీరువలననే జరిగెను. పిల్లలను పెంచు తల్లు లిది జ్ఞాపకముంచుకొనదగినది.

రెండవది గడియారమునకే పని యప్పగించుట. 2003లో ఐస్‌లాండు దేశమునుండి వచ్చిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అను ఆకాశనౌకల యాటలో, నేర్చుకొనదలచిన విద్య నెన్నుకొని పోయినచో, మనము నిద్రించుచున్నను పాత్ర నేర్చుకొనుచునే యుండును. ఇల్లాలికిని, బ్రహ్మచారికిని గడియార మొక్కటే. కాని మొదట చేరినవారిని వెనుక చేరినవారు అందుకొన జాలరని యాక్షేపణ గలిగెను. దీనికి సమాధాన మా నిబంధనలలోనే కొంత యున్నది. సులభమైన విద్యలో నాలుగవ మెట్టునకు 45,255 పాయింట్లు చాలును. అయిదవదానికి 256,000 కావలెను. తఱచుగా ప్రతిమెట్టును సమానమైన లాభమే యిచ్చును గనుక, అయిదవ వంతుకంటె తక్కువ శ్రమతో అయిదింట నాలుగు పాళ్ల ఫలము దక్కును. వెనుక వచ్చినవారు మిక్కిలి వెనుకబడరు. అయితే 2016లో ఒకరి పాత్రనుండి విద్యను తీసి వేఱొకరికి విక్రయించు సాధన మీ యాటలో ప్రవేశపెట్టబడెను. విద్య తక్కువగల పాత్రకు దానివలన 5 లక్షల పాయింట్లు వచ్చును; 8 కోట్లు మించిన పాత్రకు లక్షన్నర మాత్రమే వచ్చును. ధనవంతుల నదుపులో బెట్టుట కీ తగ్గింపు కొంత పనికివచ్చినను, ధనమునకు తలుపు తెఱచుట మాత్రము తెఱచుటయే.

మూడవది మెట్టుల భేదమును తాత్కాలికముగా మఱచుట. 2004లోనే వెలువడిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ అను ఆటలో, పైమెట్టుననున్నవారు క్రిందిమెట్టు మిత్రురాలిని తమ సహాయురాలిగా జేర్చుకొన్నచో, కలసియున్నంతసేపు ఆమె బలము తమకంటె నొక్క మెట్టుమాత్రమే తక్కువగా నుండెడిది. 2012లో వచ్చిన ‘గిల్డ్ వార్స్ 2’లో, చిన్నవారి ప్రదేశమునకు వచ్చిన పెద్దవారి బలమే ఆ ప్రదేశమునకు తగినట్లు తగ్గును. పెద్దలు పసిపిల్లలతో పరుగుపందె మాడునప్పుడు అడుగులు చిన్నవి చేసికొందురు గదా, ఇదియు నట్టిదే.

దొరతనమువారు జోక్యము కలిగించుకొన్న దేశము గూడ గలదు. చీనాలో 2007లో అమలుచేసిన పద్ధతి ననుసరించి, 18 ఏండ్లలోపువారు 3 గంటలు మించి యాడిన లాభము సగమగుచుండెను. 5 గంటలు మించిన శూన్యమగుచుండెను. 2021లో దీనిని మఱింత బిగించి, శుక్ర, శని, ఆదివారములలోను సెలవుదినములలోను రాత్రి 8 మొదలు 9 వఱకు మాత్రమే వారాడవచ్చునని నిర్ణయించిరి. పిల్లల యారోగ్యమునకిది మేలని కొంద ఱందురు. మా యభిప్రాయమున, తల్లిదండ్రులు కనుగొనవలసిన మితమును చట్టముచే కొలిపించుట కడపటి యుపాయముగా నుండవలెను.

ఇక నెక్కువసేపు ఆడువారి వాదమును గూడ వినుట న్యాయము. “మేము శ్రమించితిమి, రాత్రులు మేల్కొంటిమి. శ్రమింపనివారికి మాతో సమానమైన మెట్టిచ్చినచో మా శ్రమకు విలువ యేమి?” యని వారు ప్రశ్నింతురు. ఈ మాట త్రోసివేయరానిది. పనిచేసినవారికి ఫలము దక్కవలెను. కాని కూర్చున్న కాలము వేఱు, చూపిన నేర్పు వేఱు. ఆరు గంటలు కూర్చున్నవానికంటె ఒక గంటలో తోడివారిని కాపాడిన వైద్యురాలు తక్కువది కాదు. కేవలము తీరికనే నేర్పుగా లెక్కించు నిబంధన, తీరికలేనివారిని నేర్పులేనివారిగా జూపును. మన సమాజమున తీరిక తక్కువ యెవరికో మేము చెప్పనక్కఱలేదు.

కావున నిట్టి బృందములలో జేరు యువతులును, వారి తల్లులును ముందుగా నీ నాలుగు విషయములను విచారింప వలయునని మా సలహా. నిబంధనలు ముందే వ్రాసి యందఱికిని చూపిరా? ఒక వారమున సంపాదింపదగినదానికి మితి యున్నదా? వెనుకబడినవారు తిరిగి కలిసికొనుటకు దారి యున్నదా? ధనమిచ్చి మెట్టు కొనుటకు వీలున్నదా? మొదటి మూడింటికి అవుననియు, నాలుగవదానికి కాదనియు సమాధానము వచ్చిన బృందమున నిశ్చింతగా నాడుకొనవచ్చును.

మే మెఱిగిన బాలిక యేడ్చి యూరకుండలేదు. పైన జెప్పిన విషయములను గ్రహించి తన బృందమువారి కొక లేఖ వ్రాసెను. బృందపు సగటు మెట్టునకు క్రిందనున్నవారికి, ఆ సగటును జేరువఱకు, రెట్టింపు పాయింట్లు ఈయవలెననియు, రోగము, పరీక్షలు, ఇంటివారి సేవ మున్నగు కారణములచే రానివారికి సగము హాజరు వేయవలెననియు కోరెను. రెండు వారములు వాదించి మొదటి కోరికను అంగీకరించిరి; రెండవదానిని, కారణములు నిజమో కాదో తేల్చుట యెవరి తరమని నిరాకరించిరి. బాలిక దానికి సమ్మతించి మరల నాడుచున్నది. నాయనమ్మ యిప్పుడు మంచముదిగి, మనుమరాలి ప్రక్కనే పీట వేసికొని కూర్చుండి, “నీ వెన్నవ మెట్టుననున్నావే?” యని దినదినమును అడుగుచున్నదట.