కొండరైతు అప్పు తీరుటకు నెలవారి లెక్క

అరకులోయలోను, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, అనంతగిరి ప్రాంతములందలి కొండగ్రామములలోను మన సంఘసభ్యులతో మాటలాడునపుడు మేము తఱచుగా వినుమాట యొకటి కలదు. "పంట బాగుగనే పండినది, సొమ్మును చేతికి వచ్చినది, అయినను అప్పు మాత్రము తఱుగలేదు" అని వారు చెప్పుచుందురు. ఇది సోమరులు చెప్పుమాట కాదు. తెల్లవారకముందే కాఫీతోటకు పోయి ప్రొద్దు క్రుంకినపిమ్మట ఇల్లు చేరు కష్టజీవులే ఈ మాట చెప్పుచున్నారు. కష్టమునందు లోటు లేనపుడు అప్పు ఏల తీరకున్నది? ఈ ప్రశ్నకు సమాధానము లెక్కలో కలదని మేము నమ్ముచున్నాము. ఆ లెక్కను సభ్యులయెదుట ఉంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ఆదాయము కొన్ని నెలలు, వ్యయము పండ్రెండు నెలలు

కొండరైతు ఆదాయము జీతగాని ఆదాయమువలె నెలనెలకు వచ్చునది కాదు. కాఫీపండ్లు కార్తికమునుండి మాఘమువఱకు కోతకు వచ్చును. వలిసెలును, రాజ్మాగింజలును శీతకాలమునందే ఇల్లు చేరును. పసుపు మాఘఫాల్గుణములందు త్రవ్వుదురు. మిరియములు, చింతపండు వేసవి తొలినాళ్లకు వచ్చును. కావున సంవత్సరపు సొమ్ములో మిక్కిలిభాగము మార్గశిరమునుండి చైత్రమువఱకు గల నాలుగైదు నెలలలోనే చేతికి వచ్చుచున్నది.

తరువాత ఆషాఢ శ్రావణ భాద్రపదములు వచ్చును. వానలు పట్టును, గెడ్డలు పొంగును, కూలిపనులు తగ్గును, గాదెలోని చోళ్లు అడుగంటును. విత్తనములకును, నాట్లకును ఖర్చు అప్పుడే. పిల్లలకు జ్వరములు వచ్చి ఆసుపత్రికి పోవలసినదియు అప్పుడే. అప్పు పుట్టునది ఈ నెలలలోనే. శ్రావణమున షావుకారివద్ద తెచ్చిన సొమ్మునకు పుష్యమున రాబోవు పంటను ముందుగానే ధర కుదిర్చి ఒప్పగించుటయు కలదు. అట్టి ధర సంతధరకంటె తక్కువగనే ఉండును. రైతు వడ్డీయందొకసారి, ధరయందొకసారి, రెండు విధముల నష్టపడుచున్నాడు.

కాబట్టి అప్పు తీర్చు ఉపాయమును పుష్యమాసమున సొమ్ము వచ్చినపుడు మాత్రము వెదకిన చాలదు. మొదట శ్రావణమాసమును కాపాడుకొనవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

చట్టములు చేసినదియు, చేయలేనిదియు

ఈ బాధ నేటిది కాదు. 1917 వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వమువారు ఏజన్సీ ప్రాంతములకు వడ్డీనిగూర్చియు, భూమి బదిలీనిగూర్చియు ఒక చట్టము చేసిరి. కొండజాతులవారివద్ద ఏటికి నూటికి 24 వంతులకు మించి వడ్డీ చెల్లదనియు, వడ్డీపై వడ్డీ కూడదనియు, మొత్తము వడ్డీ అసలునకు మించరాదనియు అందు విధించిరి. అప్పునకు బదులుగా మనిషియే అప్పిచ్చినవానియింట పనిచేయు 'గోతి' అను దురాచారము ఈ కొండలలో ఉండెడిది. దానిని అణచుటకు 1940 లో మదరాసు ఏజన్సీకి ప్రత్యేకమైన నిబంధన వచ్చినది. 1976 నాటి చట్టము దేశమంతట వెట్టిచాకిరిని రద్దుచేసినది. 1956 లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా స్థాపింపబడి, అటవీఫలసాయమును కొనుటకును, నిత్యావసరవస్తువుల నమ్ముటకును, సాగునకు అప్పులిచ్చుటకును పూనుకొనెను. 1959 నాటి భూమి బదిలీ నిబంధనయు, దానికి 1970 లో జరిగిన సవరణయు గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ అడ్డుకట్ట వేసినవి. 1960 నాటి నిబంధన ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీవ్యాపారము చేయువారు అనుమతిపత్రము పొందవలెను.

సభ్యులు ఈ సంగతులను తెలిసికొనియుండుట అవసరము. అప్పునకు బదులుగా భూమిని గిరిజనేతరునకు వ్రాసియిమ్మని ఎవరైన అడిగినయెడల అది చెల్లనిపనియని నిర్భయముగ చెప్పవచ్చును. కాని చట్టము అప్పిచ్చువాని చేతిని పట్టుకొనగలదే గాని శ్రావణమున మన గాదెను నింపజాలదు. ఆ పని ఇంటిలెక్కవలననే కావలెను.

ఒక కుటుంబపు లెక్క

లెక్క తెలియుటకై ఐదుగురుగల యొక కుటుంబమును ఊహించుకొందము. అంకెలు సులభముగ ఉండుటకై మేము వేసికొన్నవి. ప్రతి సభ్యుడును వీనికి బదులుగా తన అంకెలు వేసికొనవలెను.

సంవత్సరపు ఆదాయము:
కాఫీ – రు. 36,000
మిరియములు – రు. 14,000
పసుపు – రు. 12,000
రాజ్మా – రు. 6,000
చింతపండు మొదలగు అటవీఫలసాయము – రు. 6,000
కూలి – రు. 22,000
మొత్తము – రు. 96,000

ఇంటి యజమానిని ఖర్చెంతయని అడిగితిమనుకొనుడు. "ఇంటికి నెలకు 6,000, సాగునకు ఏటికి 6,000, పండుగలకు, బంధుకార్యములకు మఱియొక 6,000" అని చెప్పును. ఈ లెక్కన ఖర్చు రు. 84,000, మిగులు రు. 12,000. అతనికి షావుకారివద్ద రు. 20,000 అప్పు, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ ఉన్నది. మిగులును నెలకు రు. 1,000 చొప్పున కట్టుచుపోయిన అప్పు తీరిపోవలెను గదా? అయినను తీరుటలేదు. ఏలయన అతని లెక్కలో ఒక తప్పు దాగియున్నది.

ఏటికి 52 సంతలు

మన కొండలలో ఖర్చు నెలనుబట్టి జరుగదు, సంతనుబట్టి జరుగును. ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్ట, సబ్బు, అన్నియు వారపు సంతలోనే కొందుము. యజమాని "నెలకు నాలుగు సంతలు, సంతకు రు. 1,500, మొత్తము 6,000" అని తలచినాడు. నెలకు నాలుగు చొప్పున ఏటికి 48 సంతలే యగును. కాని సంవత్సరమునకు వారములు 52. ఏటికి నాలుగైదు నెలలలో సంత ఐదుమారులు వచ్చును. లెక్కలోనికి రాని ఆ నాలుగు సంతల ఖర్చు రు. 6,000. అనగా ఒక పూర్తినెల ఖర్చు లెక్కకు అందక పోవుచున్నది.

ఇప్పుడు మిగులు ఏటికి రు. 6,000 మాత్రమే, అనగా నెలకు రు. 500. అప్పుపై వడ్డీ నెలకు రు. 600. ప్రతినెలయు తప్పక కట్టుచున్నను వడ్డీయందే రు. 100 నిలిచిపోవును. ఆ నిలిచినదానిపైనను వడ్డీ కట్టు షావుకారైనచో సంవత్సరాంతమున అప్పు 20,000 నుండి సుమారు రు. 21,400 కు పెరుగును. "కట్టుచునే యున్నాము, తఱుగుటలేదు" అను మాటకు అర్థ మిదియే. ఈ విధముగ నూరేండ్లు కట్టినను అప్పు తీరదు.

దీనికి మందు కష్టమైనది కాదు. ఏటికి ఇంటిఖర్చని నిర్ణయించిన రు. 72,000 ను 48 చేత గాక 52 చేత భాగింపవలెను. సంతకు సుమారు రు. 1,380 వచ్చును. అనగా ఒక్కొక్క సంతలో రు. 120 తగ్గించుకొనవలెను. అది సారాకు పోవు సొమ్ము కావచ్చును, పిల్లల చిరుతిండ్లలో కొంత కావచ్చును, సంతకు పోయివచ్చు జీపుకిరాయిలో కొంత కావచ్చును. ఏది తగ్గింపవలెనో ఇంటివారే కూర్చుండి నిర్ణయించుకొనవలెను. బియ్యముయొక్కయు, మందులయొక్కయు ఖర్చు మాత్రము తగ్గింపరాదు.

అంతమాత్రమున నెలకు రు. 1,000 కట్ట వీలగును. అప్పుడు ఎన్నటికిని తీరని ఆ యప్పు 31 నెలలలో తీరును. పంటను ముందుగా ఒప్పగింపక కోతవేళ సరియైన తూకమునకును, ధరకును అమ్ముటవలన ఏటికి మఱియొక రు. 6,000 చేరినయెడల నెలకు రు. 1,500 కట్టవచ్చును, అప్పుడు అప్పు 18 నెలలలో తీరును. మొదటి 500 వడ్డీకే చాలలేదు; తరువాత చేర్చిన ప్రతి 500 అసలును కొట్టివేయుచున్నది. కావున చిన్నమొత్తమని దేనిని చులకన చేయరాదు.

అధికవడ్డీ అప్పు ముందు

ఒకటికంటె ఎక్కువ అప్పులున్నవారు అన్నిటికిని కొంచెము కొంచెముగ కట్టుట మంచిది కాదు. తక్కువ వడ్డీదానికి గడువు తప్పకుండ వాయిదా కట్టి, మిగిలినదంతయు అధికవడ్డీదానికి కట్టవలెను. వీలైనచో అధికవడ్డీ అప్పును సంఘపు అప్పుగా మార్చుకొనవలెను. పై కుటుంబమే రు. 20,000 ను నూటికి నెలకు 1 రూపాయి వడ్డీపై తీసికొని షావుకారికి కట్టివేసి, నెలకు అదే రు. 1,000 కట్టుచువచ్చినయెడల 31 నెలలకు బదులు 23 నెలలలో తీరును. మొత్తముమీద కట్టునది సుమారు రు. 31,000 కు బదులు రు. 22,400 మాత్రమే. అట్లు మార్చుకొన్నపిమ్మట మరల షావుకారి గుమ్మము తొక్కినచో రెండప్పులును మిగులునని మఱువరాదు.

సొమ్ము వచ్చిననాడు చేయవలసినది

కాఫీ అమ్మిన సొమ్ము చేతికి రాగానే అప్పంతయు ఒక్కసారి తీర్చివేయవలెనని కొందఱికి తోచును. ఉద్దేశ్యము మంచిదే. కాని పుష్యమున చేయి ఖాళీచేసికొన్నవాడు శ్రావణమున అదే వడ్డీకి, లేక అంతకుమించిన వడ్డీకి, మరల అప్పు తెచ్చును. కావున ఈ క్రమమును పాటింపవలెనని మా సలహా.

మొదట విత్తనమును, వానకాలపు తిండిగింజలను అమ్మకుండ గాదెలో వేరుగ ఉంచవలెను. రెండవది, ఆషాఢమునుండి ఆశ్వయుజమువఱకు గల నాలుగు నెలల ఇంటిఖర్చు, అనగా పై లెక్క ప్రకారము రు. 24,000, పంటల సొమ్ము వచ్చుచున్నకొలది సంఘమునందో బ్యాంకునందో పొదుపుఖాతాలో వేయవలెను. ఇంట ఉంచిన సొమ్ము నిలువదు. మూడవది, అప్పు వాయిదాల వాటాను అమ్మిననాడే వేరుచేయవలెను. నాలుగవది, ఇటుకల పండుగకు, పెండ్లి ఓలికి, దినకార్యములకు నెలకు రు. 500 చొప్పున కూడబెట్టవలెను. చావు చెప్పి రాదు. అయినను ఏటికొకసారియైన ఏదో యొక ఖర్చు వచ్చునని మనకు తెలియును. తెలిసినదానికి ముందు సిద్ధపడుట సాధ్యమే. ఇవన్నియు పోగా మిగిలినదానిని ఒక్కసారిగా అప్పునకు కట్టినను మంచిదే.

చదువురానివారును ఈ లెక్క ఉంచవచ్చును. నాలుగు ఆనపబుర్రలు తీసికొని ఇల్లు, సాగు, పండుగ, అప్పు అని నాలుగింటిని గుర్తించవలెను. నూరు రూపాయలకు ఒక చింతపిక్క చొప్పున ఆయా బుర్రలలో వేసి, ఖర్చైనపుడెల్ల తీయుచుండవలెను. నెలకొకసారి బడికిపోవు పిల్లవానిచేత పుస్తకములో వ్రాయింపవలెను. సంతఖర్చు పెక్కిండ్లలో ఇల్లాలి చేతిమీదుగ జరుగును గనుక ఈ లెక్క ఆలుమగలిరువురికిని తెలిసియుండవలెను. ఒకరికి తెలిసి యొకరికి తెలియని లెక్క రెండు నెలలకుమించి నిలువదు. షావుకారికి గాని, సంఘమునకు గాని కట్టిన ప్రతి పైకమునకును రసీదు తీసికొని ఆ పుస్తకమునందే ఉంచవలెను.

సంఘము చేయవలసినది

భారమంతయు సభ్యునిమీదనే ఉంచుట న్యాయము కాదు. సంఘమువారును తమ వాయిదాలను పంట చేతికి వచ్చు నెలలకు సరిపోవునట్లు నిర్ణయింపవలెను. ఆషాఢమున సభ్యునకు కావలసిన చిన్న అప్పును ఆలస్యము లేక ఇయ్యవలెను. ఏలయన ఆ పదిదినముల ఆలస్యమే అతనిని షావుకారివద్దకు నడిపించును.

సభ్యులారా! వచ్చు నెల సభకు మీ ఇంటి ఆదాయము, సంతఖర్చు, అప్పులు, వాని వడ్డీలు ఒక కాగితముమీద వ్రాసికొనియో, చింతపిక్కలు లెక్కపెట్టుకొనియో రండు. ఏ అప్పు ఎన్ని నెలలలో తీరునో సంఘ కార్యదర్శిచేత లెక్క కట్టించుకొనుడు. తీరునెల తెలిసిన అప్పునకు భయపడ పనిలేదు. ఈ సంవత్సరము ఒక్క శ్రావణమాసమును అప్పు లేక దాటగలిగిన కుటుంబమునకు మిగిలినదారి అంతకంటె సులభముగ ఉండును.