చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా?

రెండో తరగతి పిల్లవాడు తెలుగు వాచకం తెరిచి పాఠమంతా గడగడ వినిపిస్తుంటే ఏ తల్లిదండ్రులకైనా సంతోషమే. అయితే ఒకసారి పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, ఇదేమిటని అడగండి. చాలామంది పిల్లలు మళ్లీ మొదటి వాక్యం నుండి అందుకుంటారు. సండే స్కూలులో బైబిలు తెరిచి పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ కంఠత వాక్యం చెప్పే పిల్లలను మనమెరుగుదుము. కంఠత మంచిదే, కాని అది చదవడం కాదు.

ఇది ఒక ఇంటి సమస్య కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో 'అసర్' అనే సర్వేను ప్రారంభించింది. వారు గ్రామాల్లో ఇండ్లకే వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. 2022లో చూడగా, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 10.3 మంది, తెలంగాణలో 5.2 మంది మాత్రమే. 2018లో ఈ లెక్కలు 22.6, 18.1. మధ్యలో కరోనా వల్ల బడులు మూతపడిన మాట నిజమే. కాని అంతకుముందు మాత్రం ఏమంత గొప్పగా ఉంది? దేశం మొత్తం మీద 2022లో 20.5 శాతం ఉన్నది 2024 నాటికి 27.1కి పెరిగింది.

వారి పరీక్షకు కావలసింది ఒక్క కాగితం. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, నాలుగు వాక్యాల చిన్న పేరా, ఒక చిన్న కథ ఉంటాయి. ముందు పేరా చదవమంటారు. తడబాటు లేకుండా చదివితే కథ ఇస్తారు, లేకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. ఐదింటిలో నాలుగు చెప్పగలిగితే ఆ మెట్టు వచ్చినట్టే. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వింటారు. మార్కులుండవు.

ఇంట్లోనూ ఇలాగే చూడవచ్చు. అక్షరాలను వరుసలో అడగవద్దు, పాటలా వచ్చేస్తాయి. అక్కడొకటి, ఇక్కడొకటి చూపించండి. తల, పలక వంటి మాటలు వస్తే గుడి, కొమ్ము ఉన్న మాటలకు వెళ్లండి. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఒత్తుల దగ్గర. 'అక్క' చదివినవాడు 'అమ్మ' దగ్గర నీళ్లు నమలవచ్చు. క ఒత్తు క లాగే ఉంటుంది, మ ఒత్తు మ లాగా ఉండదు మరి! బడికి వెళ్లి "మావాడికి చదువు రావడం లేదండీ" అనే బదులు "మ ఒత్తు, త ఒత్తు గుర్తుపట్టడం లేదండీ" అంటే, ఎక్కడ మొదలుపెట్టాలో మాస్టారికి తెలుస్తుంది.

మాకే అక్షరం ముక్క రాదు, మేమేం చూస్తామంటారా? ఒక మాట మీద వేలు పెట్టి చదివించండి. వాడు చెప్పినది గుర్తుంచుకోండి. ఆ మాట పక్కన పెన్సిలుతో గీత పెట్టకండి, వాడు అది చూసి చెప్పేస్తాడు. నాలుగు మాటలు అడిగాక మళ్లీ అదే మాట చూపండి. ఈసారి వేరేగా చెబితే ఊహించి చెబుతున్నాడన్నమాట. పగటి వెలుతురులోనే కూర్చోబెట్టండి. అప్పటికీ పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుంటుంటే, ముందు కళ్ల డాక్టరుకు చూపించాలి.