బోర్డు ఒకరిది, దుకాణం ఇంకొకరిది

మన గిర్నీల చిమ్నీలు నిలబడ్డ చోట ఇప్పుడు మాళ్ళు లేచాయి. మా పరేల్ దిక్కు ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. కమలా మిల్లు ఆవరణలో ఆఫీసులు, హోటళ్ళు నడుస్తున్నాయి. తాతలు సాంచాలు నడిపిన చోటనే మనవలు, మనవరాళ్ళు కౌంటర్ వెనక నిలబడి కాఫీ మిషన్లు నడుపుతున్నారు. ఆ కాఫీ రుచి గురించి నేను రాయబోవడం లేదు. అక్కడ ఒక కప్పుకు పెట్టే పైసలతో మన ఇంట్లో నాలుగు రోజుల పాలు వస్తాయని అందరికీ తెలుసు. ఆ దుకాణం అసలు ఎవరిది అన్నదే ఈ నెల సంగతి.

మా చాల్‌లో ఒక అమ్మాయి పోయిన ఏడాది అట్లాంటి కాఫీ దుకాణంలోనే చేరింది. నౌకరీ కాగితం తెచ్చి నా ముందర పెట్టి, "మామా, బోర్డు మీద పేరొకటి ఉన్నది, పగార్ చీటిల ఇంకో పేరున్నది. నేను ఎవళ్ళ నౌకరీ చేస్తున్న?" అని అడిగింది. మంచి ప్రశ్న. మన పిల్లల్లో చాలామందికి రావలసిన ప్రశ్న. అందుకే అందరికీ తెలిసిన స్టార్‌బక్స్ సంగతి తీసుకుని జవాబు చెప్తాను.

స్టార్‌బక్స్ 1971లో అమెరికాలోని సియాటిల్ ఊళ్ళో ఒక చిన్న దుకాణంగా మొదలైంది. అప్పుడు వాళ్ళు కప్పుల్లో కాఫీ అమ్మలేదు, వేయించిన గింజలు అమ్మేవాళ్ళు. 1982లో హోవర్డ్ షుల్ట్జ్ అనే ఆయన అక్కడ నౌకరీలో చేరాడు. అదే ఏడాది జనవరి 18న ఇక్కడ దత్తా సామంత్ పిలుపు మీద బొంబాయి గిర్నీల సమ్మె మొదలైంది. ఆ సమ్మె మన ఇళ్ళను ఏం చేసిందో నేను చెప్పక్కరలేదు. షుల్ట్జ్ 1987లో ఆ కంపెనీనే కొనేశాడు. కప్పు కాఫీ అమ్మే దుకాణాలు ఊరూరా పెట్టుకుంటూ పోయాడు. 2024 సెప్టెంబరు నాటికి ప్రపంచమంతటా దుకాణాలు 40 వేలు దాటాయి. అయితే వాటిలో దాదాపు సగం స్టార్‌బక్స్ స్వయంగా నడిపేవి కావు.

మరి ఎవరు నడుపుతున్నారు? మన సిరిసిల్లలో, భివండీలో ఉన్న పద్ధతి గుర్తు తెచ్చుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. నూలు బీములు సేఠువి. సాంచాలు ఆసామివి. చేతులు కార్మికునివి. బట్ట బజారుకు పోయేది సేఠు పేరు మీద. కరెంటు బిల్లు కట్టేది, కార్మికునికి కూలి ఇచ్చేది ఆసామి. గిరాకీ పడిపోతే సేఠు బీములు ఇవ్వడం ఆపేస్తాడు, అంతే. సాంచాల అప్పు ఆసామి నెత్తిన, ఖాళీ కడుపు కార్మికుని నెత్తిన.

లైసెన్సు పద్ధతి దాదాపు ఇట్లాంటిదే. స్టార్‌బక్స్ తన పేరు, కాఫీ కలిపే విధానం, గింజలు, దుకాణం నమూనా ఇస్తుంది. స్థానిక కంపెనీ కిరాయి కడుతుంది, మిషన్లు కొంటుంది, పనివాళ్ళను పెట్టుకుంటుంది. అమ్మకంలో ఇంత అని రాయల్టీ సియాటిల్‌కు పోతుంది. గింజలు, సరుకులు అమ్మినందుకు వచ్చే లాభం వేరు. ఒక్క తేడా మాత్రం ఉంది. భివండీలో సేఠు ఆసామికి మజూరీ ఇస్తాడు, ఇక్కడ దుకాణం నడిపేవాడే పేరుగల కంపెనీకి కట్టాలి. గల్ఫ్ దేశాల్లో కువైట్‌కు చెందిన అల్‌షాయా కంపెనీ 1999 నుంచి ఈ పద్ధతిలోనే స్టార్‌బక్స్ దుకాణాలు నడుపుతోంది. గల్ఫ్‌లో ఉన్న మన చుట్టాలు చూసే ఆకుపచ్చ బోర్డు వెనక యజమాని ఆ కువైట్ కంపెనీ.

రెండోది పొత్తు కంపెనీ. ఇద్దరూ పైసలు పెట్టి కొత్త కంపెనీ ఒకటి పుట్టిస్తారు. లాభం, నష్టం వాటా ప్రకారం పంచుకుంటారు. ఉత్తర అమెరికా దాటి స్టార్‌బక్స్ వేసిన మొదటి అడుగు ఇదే. 1996లో టోక్యో గింజాలో దుకాణం తెరిచినప్పుడు సాజాబీ అనే జపాన్ కంపెనీతో సగం సగం పొత్తు పెట్టుకుంది. ఎందుకంటే అక్కడ ఏ వీధిలో జనం తిరుగుతారో, కిరాయి ఎట్లా మాట్లాడాలో సియాటిల్ వాళ్ళకు తెలియదు. తెలిసినవాణ్ణి పక్కన పెట్టుకున్నారు.

వ్యాపారం పండిందని తెలిశాక పొత్తు అట్లాగే ఉంటుందా? జపాన్‌లో దుకాణాలు వెయ్యి దాటాక, 2014లో మిగతా వాటాలన్నీ సుమారు 91 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు స్టార్‌బక్స్ ప్రకటించింది. చైనాలో షాంఘై చుట్టుపక్కల దుకాణాల పొత్తు వాటాను 2017లో 130 కోట్ల డాలర్లకు కొన్నది. దక్షిణ కొరియాలో అందుకు ఎదురు జరిగింది. 1999 నుంచి షిన్‌సెగే సంస్థతో సగం సగం నడిపిన వ్యాపారంలో తన వాటా మొత్తం 2021లో అమ్మేసింది. పేరు మాత్రం లైసెన్సు మీద అట్లాగే ఉంది. చైనాలో పోటీ ముదిరాక 2025 నవంబరులో 60 శాతం వాటాను బోయు క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు ఇస్తామని ప్రకటించింది. ఎనిమిదేళ్ళ కింద కొన్నదే, మళ్ళీ అమ్మకానికి పెట్టింది. ఇంత జరిగినా కాఫీ తాగేవాడికి బోర్డు మారినట్టే కనిపించదు.

మనకు ఇది కొత్త కాదు. 1983లో బొంబాయిలో 13 గిర్నీల నడక సర్కారు చేతికి వచ్చినప్పుడు కూడా జనం నోట్లో పాత పేర్లే మిగిలాయి, గేటు లోపల యజమాని మారిపోయాడు. పేరును నమ్ముకున్నవాళ్ళకు లెక్క అందలేదు.

వ్యాపారం పండని చోట ఏం జరిగిందో కూడా చూడాలి. ఇజ్రాయెల్‌లో 2001లో డెలెక్ అనే కంపెనీతో పొత్తు పెట్టి ఆరు దుకాణాలు తెరిచారు. 2003లో అన్నీ మూసేశారు. ఆస్ట్రేలియాలో 2008లో 84 దుకాణాలకు 61 మూతపడ్డాయి. 685 మంది ఉద్యోగాలు పోయాయి. అక్కడ వీధి వీధికీ మంచి కాఫీ అంగళ్ళు ముందునుంచే ఉన్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గరికి జనం రాలేదు. మిగిలిన దుకాణాలను 2014లో స్థానిక కంపెనీకి లైసెన్సుతో సహా అప్పగించారు.

రష్యా సంగతి ఇంకా చిత్రం. అక్కడి 130 దుకాణాలు లైసెన్సు మీద నడిచేవి, నడిపింది అల్‌షాయా. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక 2022లో స్టార్‌బక్స్ ఆ దేశం వదిలేసింది. సుమారు 2,000 మంది పనివాళ్ళకు ఆరు నెలల జీతం ఇస్తామని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో అవే దుకాణాలు 'స్టార్స్ కాఫీ' అనే కొత్త బోర్డుతో తెరుచుకున్నాయి. గోడలు అవే, పేరు వేరు, యజమాని వేరు.

ఇక మన దేశం. స్టార్‌బక్స్ 2007లోనే ఇక్కడికి రావాలని దరఖాస్తు పెట్టుకుని వెనక్కి తీసుకుంది. ఒకే బ్రాండు అమ్మే దుకాణాల్లో విదేశీ పెట్టుబడికి అప్పట్లో 51 శాతం హద్దు ఉండేది. 2012 జనవరిలో సర్కారు ఆ హద్దు నూటికి నూరుకు పెంచింది. అదే నెలలో టాటా వాళ్ళతో సగం సగం పొత్తు ఖాయమైంది. నూరు శాతం సొంతంగా రావడానికి తలుపు తెరిచినా వాళ్ళు పొత్తునే ఎంచుకున్నారు. టాటాల దగ్గర కొడగులో కాఫీ తోటలున్నాయి, గింజలు వేయించే ఏర్పాటుంది, తాజ్ హోటళ్ళున్నాయి. 2012 అక్టోబరు 19న ముంబయి కోట ప్రాంతంలో హార్నిమన్ సర్కిల్ దగ్గర ఎల్ఫిన్‌స్టన్ బిల్డింగులో మొదటి దుకాణం తెరిచారు. 2024కల్లా దేశంలో దుకాణాలు 400 దాటాయి. వాటిని నడిపే కంపెనీ పేరు టాటా స్టార్‌బక్స్. అందులో పనిచేసేవాళ్ళ యజమాని ఆ పొత్తు కంపెనీయే. సియాటిల్ కంపెనీ అందులో సగం వాటాదారు.

కాబట్టి ఏ పెద్ద బోర్డు కింద నౌకరీ దొరికినా మన పిల్లలు మొదట చూడవలసింది బోర్డును కాదు, కాగితాన్ని. నియామక పత్రం మీద ఏ కంపెనీ ముద్ర ఉంది? పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమానిగా ఎవరి పేరు పడుతోంది? పగార్ ఏ ఖాతా నుంచి వస్తోంది? ఈ మూడు చోట్లా ఒకే పేరుంటే మంచిదే. వేరు వేరుగా ఉంటే, మధ్యలో ఏజెన్సీ ఉందేమో అడిగి తెలుసుకోవాలి. రేపు దుకాణం మూసినా, చేతులు మారినా బాకీ అడగవలసింది ఆ కాగితం మీద పేరున్నవాడినే. ఆ కాగితాలు ఇంట్లో భద్రంగా దాచండి. గిర్నీ మూతపడ్డాక పాత టికెట్టు నంబరు, పగార్ చీటీలు దొరక్క ఎంతమంది తిరిగారో మన పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు.

చివరికి ఇంకొక సంగతి. మన దేశంలోనే మరో కాఫీ దుకాణాల వరస ఉంది, ఇండియన్ కాఫీ హౌస్. వాటిని మొదట నడిపిన కాఫీ బోర్డు 1950లలో మూసివేతకు దిగింది. పనివాళ్ళు రోడ్డున పడే వేళ ఏ.కె. గోపాలన్ వాళ్ళను కూడగట్టాడు. 1957లో బెంగళూరులో మొదటి సహకార సంఘం పెట్టుకున్నారు. తలపాగాలు కట్టుకుని కాఫీ అందించినవాళ్ళే యజమానులయ్యారు. వాళ్ళు 40 వేల దుకాణాలు పెట్టలేదు. కానీ ఆ దుకాణాల్లో బోర్డు మీద పేరూ, కౌంటర్ వెనక మనిషీ ఒకరికొకరు పరాయి కాదు.