చక్రం పట్టేస్తోందా... పట్టించుకోండి!

యాక్సిలరేటర్ తొక్కుతున్నా కారు బరువుగా కదులుతోందా? ఒక చక్రం దగ్గర్నుంచే మాడు వాసన వస్తోందా? అయితే తప్పు ఇంజిన్‌ది కాకపోవచ్చు. వదలాల్సిన బ్రేకు వదలడంలేదేమో చూడండి.

బ్రేకు గట్టిగా పడుతుందో లేదో అందరం చూస్తాం. పెడల్ మీంచి కాలు తీశాక అది పూర్తిగా వదులుతోందో లేదో మాత్రం చూసేవాళ్లు తక్కువ. వదలని బ్రేకుతో పెట్రోలు దండగ. ప్యాడ్లూ త్వరగా అరిగిపోతాయి. నష్టం అంతటితో ఆగితే ఫర్వాలేదు. పిల్లాపాపలతో తిరుమల కొండ దిగుతున్నప్పుడో, అరకు ఘాట్‌రోడ్డు మలుపుల్లోనో అసలు బ్రేకే అందకుండాపోయే ప్రమాదమూ ఉంది!

వెంట్రుకవాసి ఖాళీ
మన చిన్నకార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులూ వెనక వాటికి డ్రమ్ము బ్రేకులూ ఉంటాయి. స్పోర్ట్స్ సైకిల్ బ్రేకు చూశారుగా... రిమ్ముని రెండువైపుల నుంచీ రబ్బరు ముక్కలు నొక్కిపడతాయి. ఇక్కడ చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లాన్ని రెండు ప్యాడ్లు అలాగే నొక్కిపడతాయి. ఆ ప్యాడ్లని పట్టుకుని ఉండే ఇనుప పిడికిలే క్యాలిపర్.

పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంది. ఆ ఊపుకి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌నీ లాగుతుంది. మరి కాలు తీశాక పిస్టన్‌ని వెనక్కి లాగేదేమిటి? స్ప్రింగు అనుకుంటారు చాలామంది. కాదు, పిస్టన్ చుట్టూ ఉండే చిన్న రబ్బరు రింగు! పిస్టన్‌తోపాటు కాస్త ముందుకి వంగిన రింగు, ఒత్తిడి తగ్గగానే మామూలుగా అవుతూ దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఆ కాస్త ఖాళీతోనే చక్రం తేలిగ్గా తిరుగుతుంది.

పిస్టన్ మీది రబ్బరు తొడుగు చిరిగితే వాన నీళ్లూ దుమ్మూ లోపలికెళ్లి తుప్పు పడుతుంది. పిన్నుల్లో గ్రీజు ఎండిపోతే క్యాలిపర్ జారదు. నెలల తరబడి కదలకుండా ఉన్న కార్లకీ, సముద్రతీరంలో ఉప్పుగాలికి తిరిగే వాటికీ ఈ బెడద ఎక్కువ.

కారే చెబుతుంది!
* స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నా కారు ఒక పక్కకే లాగుతుంది.
* న్యూట్రల్‌లో పెట్టి తోస్తే మొరాయిస్తుంది.
* మైలేజీ తగ్గుతుంది.
* ఒక చక్రం రిమ్ము మీదే నల్లటి పొడి ఎక్కువగా పేరుకుంటుంది.
* ఒకే చక్రంలోని రెండు ప్యాడ్లలో ఒకటి బాగా అరిగి, రెండోది మందంగా ఉంటుంది.

అనుమానం వస్తే రద్దీలేని రోడ్డు మీద పావుగంట నడిపి, వీలైనంత తక్కువ బ్రేకుతో ఆపండి. ముందు చక్రాలు రెండింటి దగ్గరా అరచేతిని కాస్త దూరంగా పెట్టి చూడండి. ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. ఒకపక్క గోరువెచ్చగా, రెండోపక్క సెగలు కక్కుతూ ఉంటే దొంగ దొరికినట్లే.

తప్పు ఎక్కడ?
చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, చల్లారాక ముందుభాగాన్ని జాకీతో లేపాలి. కింద స్టాండు పెట్టకుండా ఒక్క జాకీనే నమ్ముకోవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పితే సన్నగా రాపిడి శబ్దం రావడం సహజమే. తిప్పలేనంత బిగుసుకుపోతేనే సమస్య.

ఇక్కడ అనుభవమున్న మెకానిక్ చేసే పరీక్ష ఒకటుంది. బిగుసుకుపోయిన చక్రం క్యాలిపర్‌కి ఉండే గాలి తీసే నిపుల్‌ని కాస్త వదులు చేస్తాడు. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా... క్యాలిపర్ తప్పులేదు. ఆయిల్ ఒత్తిడి వెనక్కి పోవడంలేదన్నమాట. ఒక్క చక్రమే పట్టేస్తే తరచూ దానికెళ్లే రబ్బరు హోస్ లోపల పూడుకుపోయి ఉంటుంది. రెండు చక్రాలూ పట్టేస్తుంటే మాస్టర్ సిలిండర్‌నీ పెడల్ సెట్టింగునీ చూడాలి. నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే మాత్రం పిస్టనో పిన్నులో బిగుసుకున్నట్లు. ఈ చిన్న పరీక్ష చేయకుండా ‘క్యాలిపర్ మార్చేయాలి సార్’ అంటే ఒప్పుకోకండి.

పిన్నులే కారణమైతే ఖర్చు తక్కువే. విప్పి, తుప్పు శుభ్రంచేసి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు రాస్తే చాలు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి సమస్య మళ్లీ మొదటికొస్తుంది. పిస్టన్ నున్నగానే ఉంటే రబ్బరు రింగూ తొడుగూ ఉన్న సీల్ కిట్ వేస్తే సరిపోతుంది. పిస్టన్ మీదో అది కూర్చునే గుంటలోనో తుప్పు గుంటలు పడితే క్యాలిపర్ మార్చడమే మేలు. ప్యాడ్లు మాత్రం ఎప్పుడూ రెండు చక్రాలకీ కలిపే మార్చాలి. ఆయిల్ లైను విప్పితే గాలి తీయించడం తప్పనిసరి.

ఆయిల్ మరిగితే...
వదలని బ్రేకు వేడి క్యాలిపర్‌లోని ఆయిల్‌కి పాకుతుంది. బ్రేక్ ఆయిల్‌కి గాల్లోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్-3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థాయి 205 డిగ్రీల సెల్సియస్. తేమ పట్టాక పరీక్షించే కనీస స్థాయి 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌లా ఆవిరి ఒత్తిడిని మోయదు, నలిగిపోతుంది. పెడల్ నేలకు తాకినా బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించమంటారు మెకానిక్‌లు.

దారిలో మాడు వాసన వస్తే బండి పక్కకి ఆపేయండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి, అది వంకర తిరిగే ప్రమాదముంది. పూర్తిగా చల్లారాక కూడా చక్రం బిగుసుకునే ఉంటే నడపొద్దు, మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.

ఈసారి టైర్లు మార్పించేటప్పుడో, సెలవులకి ఊరెళ్లే ముందు సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడో... నాలుగు చక్రాలూ పైకి లేపి ఉండగానే ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి చూపించమని అడగండి. రెండు నిమిషాల పనే!