ఇంటిలో ఎలక్ట్రానిక్ సంగీతము: సాధన సామగ్రి ఎంపిక

విద్యుత్తు సహాయమున నాదమును పుట్టించి గాని, పుట్టిన నాదమును పట్టి మార్చి గాని కూర్చిన సంగీతమును ఎలక్ట్రానిక్ సంగీతమందురు. ఒకప్పుడు ఇది మహానగరములలోని స్టూడియోలకు మాత్రమే పరిమితమై యుండెను. నేడు అడవి అంచున, గోదావరి ఒడ్డున గల బూర్గంపాడులో డిగ్రీ చదువుచున్న విద్యార్థి తన ఇంటి ముందుగదిలో కూర్చుండి పాటకు తాళము కట్టి, బాణీ కూర్చి, బతుకమ్మ పండుగ నాటికి ఊరంతటికి వినిపింపగలుగుచున్నాడు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే ఈ సరదా వెంట ఖర్చు కూడ ఇంట ప్రవేశించుచున్నది. మిరప అమ్మిన డబ్బులో నుండి కొంత తీసి కుమారునకు "మ్యూజిక్ సెట్టు" కొనిపెట్టిన తండ్రులు మా ఎరుకలో ఉన్నారు. ఆ సెట్టులో ఏది అవసరము, ఏది ఆడంబరము అని తెలియజెప్పువారు అరుదు. అమ్మువాడు అన్నియు అవసరమే యనును. అందుచేత ఆ ఎంపికను గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మా అభిప్రాయము ముందే చెప్పెదము: డబ్బు మొదట చేరవలసినది హెడ్‌ఫోన్లకు, మైకునకు. కీబోర్డు, సాఫ్ట్‌వేరు ఆ తరువాతివి.

పరికరముల సంఖ్యకును సంగీతము విలువకును సంబంధము లేదనుటకు మన దేశముననే చక్కని నిదర్శనము కలదు. బొంబాయి హిందీ చలనచిత్ర వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రములతో పది రాగములను డిస్కో లయలో కూర్చి రికార్డుగా వెలువరించినారు. తాళమునకు టీఆర్-808, మంద్ర స్వరములకు టీబీ-303, రాగమునకు జూపిటర్-8. అంతే. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు చాల తక్కువ. 2010లో ఆ రికార్డు తిరిగి వెలువడిన పిమ్మట, చికాగో నగరమున 1980ల నడుమ పుట్టిన "యాసిడ్ హౌస్" సంగీతమును పోలిన నాదము అంతకు ముందే బొంబాయిలో వినిపించినదని విదేశీయులు ఆశ్చర్యపడినారు. టీబీ-303లో ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారు సౌకర్యము ఉన్నది. అది మన రాగములకు చక్కగా ఒదిగినది.

ఇంటిలోనే స్టూడియో అన్నచో ఎ.ఆర్. రహమాన్ పేరు స్ఫురింపక మానదు. తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో మరణించిన తరువాత, ఆయన విడిచిపోయిన వాద్యములను అద్దెకిచ్చుట ఆ కుటుంబమునకు జీవనాధారమైనది. చిన్ననాటనే కీబోర్డు చేతబట్టి, రాజ్-కోటి మొదలగు మన తెలుగు సంగీత దర్శకుల వద్ద కూడ వాయించి, 1989లో మద్రాసు కోడంబాకమున తన ఇంటి ఆవరణలోనే ఆయన పంచతన్ రికార్డ్ ఇన్ అను స్టూడియోను నెలకొల్పుకొన్నారు. 1992లో "రోజా" వచ్చినది. వాద్యములు ఒక ఇంటిని నిలబెట్టిన సంగతి తల్లిదండ్రులు కూడ గమనింపదగినది. తెలివిగా కొన్న పరికరము అన్నము కూడ పెట్టగలదు.

ఇక సాఫ్ట్‌వేరు. 1983లో వివిధ సంస్థల యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు "మిడి" అను ఉమ్మడి భాష ఏర్పడినది. మిడి నాదమును మోయదు. ఏ మెట్టు నొక్కితిరి, ఎంత బలముగా నొక్కితిరి, ఎప్పుడు వదలితిరి అను సూచనలను మాత్రమే మోయును. పాటకును, పుస్తకములో వ్రాసికొన్న స్వరములకును గల భేదమే ఇచ్చటను ఉన్నది. ఈ సూచనలను, మైకు ద్వారా వచ్చిన నాదమును ఒకే తెరపై వరుసలుగా పేర్చి, కత్తిరించి, కలిపి పాటగా దించు సాఫ్ట్‌వేరును డా అందురు. పాట ఈ సాఫ్ట్‌వేరు పేరునుబట్టి మారదు. ఈ విషయమై విద్యార్థులు గంటల తరబడి వాదులాడుకొనుట మేము చూచుచున్నాము. ఆ గంటలు సాధనకు వినియోగించిన మేలు.

విద్యార్థులలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎఫ్ఎల్ స్టూడియో. ఇది బెల్జియం దేశపుది. 1990ల చివర "ఫ్రూటీలూప్స్" పేర తాళము కూర్చుకొను చిన్న సాధనముగా మొదలైనది. ఒకసారి కొన్నచో తరువాతి కూర్పులన్నియు ఉచితముగా లభించును. కాని కొనకముందు ఇచ్చు ప్రయోగ కూర్పులో దాచుకొన్న పనిని తిరిగి తెరచుటకు వీలుండదు. ఈ సంగతి తెలియక రాత్రంతయు శ్రమించి ఉదయమున తలపట్టుకొనువారు ఉన్నారు. రీపర్ అనునది చాల తేలికైనది, పాత లాప్‌టాప్‌పై కూడ చక్కగా నడచును. 60 రోజులు పరీక్షించి చూచుకొనవచ్చును, వ్యక్తిగత వినియోగమునకు ధర 60 డాలర్లు. అయితే అందులో వాద్యనాదములు ఎక్కువగా ఉండవు, వేరుగా తెచ్చుకొనవలెను. ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితము. అందలి లోపమేమనగా, దాని స్థిరమైన కూర్పులలో మైకు ద్వారా నేరుగా రికార్డు చేయుటకు వీలులేదు. ఆడాసిటీ అను మరియొక ఉచిత సాఫ్ట్‌వేరులో రికార్డు చేసి అందులోనికి తెచ్చుకొనవలెను. ఆపిల్ యంత్రములు గలవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితము. లాప్‌టాప్ లేనివారు ఫోనులో బ్యాండ్‌ల్యాబ్‌తో ప్రారంభింపవచ్చును. ఏబుల్టన్ లైవ్, క్యూబేస్, లాజిక్ మొదలైనవి గొప్పవే, కాని మొదటి సంవత్సరమున వాటితో పని పడదు.

తాళము పగులగొట్టిన సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవులలో పంచుకొనుట మన ప్రాంతమున మామూలైపోయినది. అది దొంగసొత్తు అనుట ఒక సంగతి. అట్టి ఫైళ్ళ వెంట వచ్చు వైరసు సంవత్సరము పాటు కూర్చిన పాటలను ఒక్క పూటలో మాయము చేయగలదనుట మరియొక సంగతి. ఉచితమైనవి ఇన్ని ఉండగా ఆ ప్రమాదము ఏల కొనితెచ్చుకొనవలె?

లాప్‌టాప్ విషయమున, 8 జీబీ మెమరీతో పని మొదలుపెట్టవచ్చును, 16 ఉన్నచో సుఖము. పాత డిస్కుకు బదులు ఎస్ఎస్‌డీ ఉండుట ముఖ్యము. అంతకు మించి ఆలోచింపనక్కరలేదు.

కీబోర్డు విషయమున మాత్రము కొంత నిలిచి ఆలోచింపవలెను. పాశ్చాత్య కీబోర్డుపై ఒక స్థాయికి 12 మెట్లు. మన గమకములు, మీండ్‌లు ఆ మెట్ల నడుమ సంచరించును. హార్మోనియముపై ఇదే ఆక్షేపణ వచ్చి ఆకాశవాణి 1940లో ఆ వాద్యమును నిషేధించి, 1971లో గాని కొంత సడలింపలేదు. ఖవ్వాలీ మాత్రము హార్మోనియమును విడువలేదు, హార్మోనియము ఖవ్వాలీని విడువలేదు. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఈ చిక్కునకు కొంత విరుగుడు ఉన్నది. దానిని పిచ్ బెండ్ చక్రమందురు. స్వరమును పైకి, క్రిందికి వంచుటకు మిడిలో 16,384 సూక్ష్మ స్థానములు కలవు. సాధారణముగా ఇటు రెండు, అటు రెండు అర్ధస్వరముల మేర ఇది వంగును, కావలసిన ఎక్కువ చేసికొనవచ్చును. కనుక 25 మెట్ల చిన్న కీబోర్డు కొన్నను సరే, చక్రము ఉన్నదా లేదా అని చూచి కొనవలెను. మెరిసెడి దీపములు, రంగు మీటలు లెక్కలోనికి రావు.

హెడ్‌ఫోన్లకు మొదటి స్థానము ఏల ఇచ్చితిమో చెప్పెదము. వినబడని దానిని దిద్దుట అసాధ్యము. ఫోను స్పీకరులో మంద్ర నాదము దాదాపు వినబడదు. పెళ్ళిళ్ళలో వాడు డీజే పెట్టెలలో అదే నాదము గుండె అదరునంతగా వచ్చును. ఫోనుపై విని కూర్చిన పాట పెట్టెలపై చెడుటకు కారణమిదే. చెవులను పూర్తిగా మూసెడి, తీగ గల స్టూడియో హెడ్‌ఫోన్లు కొనవలెను. బ్లూటూత్ వాటిని ఈ పనికి వాడరాదు, అందులో నాదము ఆలస్యముగా చేరును. ఆలస్యమను మాట వచ్చినది గనుక ఒక లెక్క చెప్పెదము. లాప్‌టాప్ నాదమును చిన్న చిన్న మూటలుగా కట్టి పంపును. క్షణమునకు 48,000 నమూనాల వేగమున, 256 నమూనాల మూటకు 5 మిల్లీసెకన్లు పట్టును. 1,024 మూటకు 21 మిల్లీసెకన్లు. ఇది ఏడు మీటర్ల దూరమున నిలిచినవాని డోలు శబ్దము మన చెవికి చేరు కాలమునకు సమానము. తాళమునకు ఇది గొప్ప ఆటంకము. వాయించునప్పుడు మూట చిన్నదిగా, మిశ్రమము చేయునప్పుడు పెద్దదిగా పెట్టుకొనవలెను.

మైకును గూర్చి కొంత విస్తరింపక తప్పదు, ఏలనన మా దృష్టిలో అసలు విషయమంతయు ఇచ్చటనే ఉన్నది. విదేశములలో తయారైన నాదభాండారములలో డ్రమ్ములు వేలకొలది. తబలా కూడ ఉన్నది. మన మన్నెపు కోయల డోలు, హైదరాబాదు సిద్దీల మర్ఫా, పల్లె డప్పు మీద మోగెడి తీన్‌మార్, ఇవి వాటిలో దొరకుట బహు అరుదు. దొరికినదే వాడుకొనినచో బూర్గంపాడు పాటకును బెర్లిన్ పాటకును భేదమేమి? మనకు పొరుగున మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు వాయించుచు గిరిజన వీరుల చరిత్రలను గానము చేసి 2022లో పద్మశ్రీ పొందినారు. 2024లో కన్నుమూసినారు. అట్టి కళాకారుల చేతి నాదము ఎంతవరకు రికార్డయినదో అంతవరకే మిగులును. ఇంటిలో పాటలు కూర్చు విద్యార్థి ఆ పని చేయగలడు. దానికి కావలసినది మైకు.

డోలు, డప్పు వంటి గట్టి నాదమునకు డైనమిక్ మైకు చాలును. అది మొరటుది, వానకు, వేడికి ఓర్చును, గదిలోని అనవసర శబ్దమును అంతగా పట్టదు. కండెన్సర్ మైకు సున్నితమైనది, గాత్రమునకు, తంత్రీ వాద్యములకు మేలు. దానికి 48 వోల్టుల విద్యుత్తు అందవలెను, తేమ గిట్టదు. గోదావరి తీరపు వానకాలమున దానిని సిలికా జెల్ పొట్లములతో డబ్బాలో మూసియుంచవలెను. మైకును లాప్‌టాప్‌కు కలుపుటకు ఆడియో ఇంటర్‌ఫేస్ అను చిన్న పెట్టె కావలెను. రెండు మైకులు పట్టునది కొనుట మంచిది. డోలునకు రెండు ముఖములు, రెండు నాదములు గదా. చెరియొక ముఖమునకు అడుగున్నర దూరమున ఒక్కొక్క మైకు పెట్టి చూడవలెను. రికార్డింగును 24 బిట్లలో, 48,000 నమూనాలతో చేసిన చాలును. మానవుని చెవి 20,000 హెర్ట్జ్‌ల వరకే వినగలదు గనుక 96,000 వెంట పరుగులు తీయనక్కరలేదు. స్థాయి గీత ఎరుపునకు చేరక, దానికి 12 డెసిబెళ్ళ దిగువన నిలుచునట్లు చూడవలెను. డోలు దెబ్బ హఠాత్తుగా ఎగయును, ఒకసారి పగిలిన నాదము తిరిగి అతుకదు.

గది విషయము. గోడలకు గ్రుడ్ల అట్టలు అంటించుట వ్యర్థము. అవి బయటి శబ్దమును ఆపవు, లోపలి ప్రతిధ్వనిని తగ్గించునది కొంచెమే. పాత బొంతలు, పరుపులు, బట్టల అలమార, పుస్తకములు వాటికంటె మేలు. అయితే ఇవియు మంద్ర నాదమును ఆపలేవు. 100 హెర్ట్జ్‌ల తరంగము పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, దానికి బొంత ఒక లెక్క కాదు. రేకుల ఇంటిలో వాన కురియునప్పుడు రికార్డింగు మానుకొనవలసినదే. సారపాక కాగితపు మిల్లునకు జామాయిల్, సుబాబుల్ కట్టె మోయు లారీల దారిన ఇల్లున్నవారు లారీల రాకపోకలు తగ్గిన వేళను కనిపెట్టుకొనవలెను. సీలింగు ఫ్యాను ఆపి చెమటోడ్చుట తప్పదు. రికార్డింగులో "గుం" అను సన్నని రొద వినిపించినచో అది 50 హెర్ట్జ్‌ల కరెంటు రొద. ఇంటి ఎర్తింగు సరిగా లేకుండుట దానికి సామాన్య కారణము. చార్జరు తీసి బ్యాటరీపై రికార్డు చేసి చూచిన తెలియును.

ఇన్నియు ప్రతి విద్యార్థి కొనవలెనా అన్నచో, అక్కరలేదనియే మా సమాధానము. కళాశాల పాలక సంఘమువారు రెండు డైనమిక్ మైకులు, ఒక కండెన్సర్ మైకు, ఒక ఇంటర్‌ఫేస్, రెండు జతల హెడ్‌ఫోన్లు కొని, గ్రంథాలయ పుస్తకముల వలె చీటీపై విద్యార్థులకు ఇచ్చినచో, విద్యార్థి ఇంటివద్ద లాప్‌టాప్, చిన్న కీబోర్డు ఉన్న చాలును. భౌతికశాస్త్ర శాఖకు కూడ ఇవి ధ్వని ప్రయోగములకు ఉపకరించును. ఒక నియమము మాత్రము విధింపవలెను. డోలు వాయించిన కళాకారుని అనుమతి పొంది, పేరు వేసి, ఆనాటి కూలికి తగ్గని పారితోషికము ఇచ్చిన పిమ్మటనే ఆ నాదమును వాడుకొనవలెను.

దాచుకొనుటను గూర్చి ఒక్క మాట. పైన చెప్పిన పద్ధతిలో ఒక మైకు రికార్డింగు నిమిషమునకు 8.6 ఎంబీ, గంటకు అర జీబీకి మించును. రెండు నకళ్ళు తీయవలెను. రెండును ఒకే ఇంటిలో ఉంచరాదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. రెండవ నకలును ఖమ్మములో గాని, కొత్తగూడెములో గాని బంధువుల ఇంట ఉంచుట ఉత్తమము.