కెమెరా అద్దెది... నష్టం మాత్రం మీది!

షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు, పెళ్లి వీడియోలు తీయడానికి సొంతంగా చిన్న నిర్మాణ సంస్థ పెట్టాలనుకుంటున్నారా? ఏ లెన్స్ కొనాలన్నది తర్వాత చూద్దాం. ముందు బీమా కాగితం ఎలా చదవాలో తెలుసుకోండి.

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కు సూర్యోదయం షాట్ కోసం బయల్దేరారనుకుందాం. కెమెరా చెన్నై నుంచి అద్దెకు తెచ్చారు. లెన్సులు స్నేహితుడివి. డ్రోన్ ఇంకొకరిది. మీ సొంతం అనదగ్గవి ట్రైపాడ్, ల్యాప్‌టాప్, బోలెడంత ఉత్సాహం. ఒక పెద్ద అల వచ్చి ట్రైపాడ్‌ను పడేస్తే? మీ సినిమా బడ్జెట్ కంటే ఆ కెమెరా ధరే ఎక్కువని అప్పుడు గుర్తొస్తుంది.

ఇలాంటివి పెద్ద సినిమాలకూ తప్పవు. 2025 జూన్‌లో శంషాబాద్ సమీపంలో ‘ది ఇండియా హౌస్’ షూటింగులో సముద్రం సన్నివేశం కోసం ఏర్పాటు చేసిన భారీ నీటి ట్యాంకు పగిలింది. సెట్‌ను నీళ్లు ముంచెత్తాయి. ఖరీదైన పరికరాలు పోయాయని హీరో నిఖిల్ స్వయంగా చెప్పారు. పెద్ద బ్యానర్ ఆ దెబ్బను తట్టుకోగలదు. నలుగురు స్నేహితులు అప్పు చేసి పెట్టిన సంస్థ అలా కాదు. ఒక్క ప్రమాదంతో షట్టర్ దించేయాల్సి రావచ్చు.

ఏ పాలసీ అడగాలి?

సినిమా మొత్తానికి ‘ఫిల్మ్ ప్యాకేజీ’ పాలసీలు ఉంటాయి. నటులకు ప్రమాదం జరగడం, షూటింగ్ ఆగిపోవడం, సెట్లు, పరికరాలు అన్నీ అందులోకి వస్తాయి. చిన్న సంస్థకు అంత అవసరం ఉండకపోవచ్చు. పరికరాల వరకే అయితే ‘ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్’ పాలసీ గానీ, ‘ఆల్ రిస్క్’ పాలసీ గానీ అడగండి.

ఒక్క మెలిక ఉంది. ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ సాధారణంగా ఆఫీసు చిరునామాలో ఉన్న సామానుకే వర్తిస్తుంది. మీ కెమెరా ఆఫీసులో కూర్చోదు కదా! బయటికి తీసుకెళ్లే పరికరాలకూ, ప్రయాణంలో జరిగే నష్టానికీ రక్షణ కలుపుతూ విడిగా రాయించుకోవాలి. ఇంటి సామాను పాలసీలో కెమెరా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. డబ్బు తీసుకుని చేసే పనికి అది పనికిరాదు.

అద్దె సామాను ఎవరి పేరు మీద?

‘ఓనర్ ఇన్సూరెన్స్ చేయించాడులే’ అనుకుని కెమెరా తెచ్చేసేవాళ్లు చాలామంది. పాలసీలో ఉన్నది ఓనర్ పేరు, మీ పేరు కాదు. బీమా కంపెనీ ఓనర్‌కు పరిహారం ఇచ్చి, తర్వాత నష్టానికి కారణమైన మీ నుంచి ఆ సొమ్ము వసూలు చేసుకునే హక్కు దానికి ఉంటుంది. అందుకే అద్దె ఒప్పందంపై సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. సామాను పాడైతే ఎవరు కట్టాలి? పాలసీ అద్దెకు తీసుకున్నవారికీ వర్తిస్తుందా? మరమ్మతు అయ్యేన్ని రోజులూ అద్దె మీటర్ తిరుగుతూనే ఉంటుందా?

మీరే కెమెరాలు అద్దెకిచ్చే వ్యాపారంలో ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. నమ్మి ఇచ్చిన మనిషి సామానుతో ఉడాయిస్తే చాలా పాలసీలు దాన్ని దొంగతనంగా లెక్కించవు. గుర్తింపు పత్రాలు, డిపాజిట్, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

ఉప్పుగాలి పాలసీలోకి రాదు

మన తీరంలో పనిచేసేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. అకస్మాత్తుగా జరిగే ప్రమాదానికే బీమా. మెల్లగా తినేసే నష్టానికి కాదు. కెమెరా నీళ్లలో పడితే పరిహారం అడగొచ్చు. నెలల తరబడి ఉప్పుగాలికి లోపల తుప్పు పడితే అది ‘అరుగుదల’ కిందకు పోతుంది. బీచ్ షూటింగ్ అయ్యాక పొడి గుడ్డతో తుడవడం, సిలికా జెల్ ఉన్న పెట్టెలో పెట్టడం మీ చేతిలోని బీమా.

వాన సంగతీ అంతే. నెల్లూరుకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. 2021 నవంబర్‌లో పెన్నా వరద, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను మనం చూసినవే. వరద, తుపాను నష్టాలు పాలసీలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. హెచ్చరిక వచ్చాక ఏజెంట్‌కు ఫోన్ చేస్తే కంపెనీలు వెనకాడతాయి.

కారు సీట్లో కెమెరా వదిలి టిఫిన్‌కు వెళ్లే అలవాటు ఉంటే మానుకోండి. తాళం పగలగొట్టిన ఆనవాళ్లు లేకపోతే దొంగతనం క్లెయిమ్ నిలవడం కష్టం.

విలువ తగ్గిస్తే మీకే కోత

ప్రీమియం తగ్గుతుందని పది లక్షల సామాను ఆరు లక్షలని రాయించారనుకోండి. రెండు లక్షల నష్టం జరిగితే చేతికొచ్చేది లక్షా ఇరవై వేలే. అంటే మీరు బీమా చేయించిన 60 శాతమే. అందులోంచి మీ వాటాగా భరించాల్సిన మొత్తాన్ని, అంటే ‘ఎక్సెస్’ను కూడా తీసేస్తారు. కొత్త పరికరం ధర ఇస్తారా, తరుగుదల పోగా ఇస్తారా అన్నదీ ముందే అడగండి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ అదనమని కోట్ చూసేటప్పుడు గుర్తుంచుకోండి.

డ్రోన్ ఎగరేసేముందు

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు థర్డ్ పార్టీ బీమా ఉండాలి. అది ఎదుటివారికి జరిగే నష్టానికే. మీ డ్రోన్ సముద్రంలో పడితే పరిహారం రావాలంటే వేరే రక్షణ కావాలి. డిజిటల్ స్కై మ్యాప్‌లో నిషేధిత ప్రాంతాలు చూశాకే ఎగరేయండి. అనుమతి లేనిచోట ఎగరేస్తే కేసు మీద పడుతుంది, క్లెయిమ్ కూడా చేజారుతుంది.

ప్రమాదం జరిగిన రోజు...

తడిసిన కెమెరాను ఆన్ చేసి చూడొద్దు. బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. ఫొటోలు, వీడియో తీయండి. వెంటనే బీమా కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ తీసుకోండి. సర్వేయర్ చూడకముందే రిపేరుకు ఇవ్వొద్దు. కొన్న బిల్లులు, సీరియల్ నంబర్లు, ఆ రోజు కాల్‌షీట్ ఒకే ఫోల్డర్‌లో ఉంటే సగం పని అయినట్టే. ఆ ఫోల్డర్ ఈ రోజే తయారుచేయండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. దీనికి ఫీజు లేదు. వ్యక్తులతో పాటు ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థలు, సూక్ష్మ సంస్థలు కూడా వెళ్లొచ్చు. అందుకే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అదీ ఉచితమే. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’కు 155255 నంబర్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

ఇందులో ఉపాధీ ఉంది

సినిమాలంటే ఇష్టం, లెక్కలంటే భయం లేదా? పదో తరగతి పాసైనవారు 15 గంటల శిక్షణ, పరీక్ష పూర్తిచేసి ‘పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్’గా పాలసీలు అమ్మొచ్చు. ప్రొడక్షన్ మేనేజర్ అవ్వాలనుకునేవారికి ఒప్పందాలు, పాలసీలు చదవడం వస్తే అది అదనపు అర్హత.

చివరగా, పరికరాల జాబితా రాసేటప్పుడు మీ బృందం పేర్లూ రాసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద 18 నుంచి 70 ఏళ్లవారికి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. బ్యాంకు ఖాతా ఉంటే చాలు. కెమెరా పోతే ఇంకోటి అద్దెకు దొరుకుతుంది. లైట్ పట్టుకున్న కుర్రాడు అలా దొరకడు.